వాయిదా

మా ఇంట్లో ఒక మాటకు రెండు అర్థాలుండేవి. అబ్బా మాతో ఉర్దూలో 'వాయదా' అంటే మాట ఇవ్వడం. అదే అబ్బా అరుగు మీద కూచొని కిరాణా సేటుతో తెలుగులో 'వాయిదా' అంటే ఆ మాట ఇవాళ చెల్లదని చెప్పడం. చిన్నప్పుడు ఈ తేడా నాకు అంతుపట్టేది కాదు. ఉర్దూలో వాగ్దానంగా ఉన్న మాట తెలుగులోకి నడిచొచ్చేసరికి గడువు పెంచడంగా ఎట్లా మారిందో అర్థం కావడానికి ఖమ్మంలో ఇరవై ఏళ్ళ విలేకరి బతుకు బతకాల్సి వచ్చింది. కలెక్టరాఫీసు మెట్ల మీద, ఐటీడీఏ వరండాల్లో, వక్ఫ్ భూముల కేసుల్లో ఈ రెండర్థాలూ ఒక్కటేనని తెలిసొచ్చింది. మనకు మాట ఇవ్వడమంటేనే వాయిదా వెయ్యడం.

మన చట్టసభల తెలుగును కాస్త గమనించండి. వాయిదా తీర్మానం. మూజువాణి ఓటు. జవాబు. హాజరు. ఇవన్నీ మా అమ్మీ వంటింట్లో మాట్లాడిన మాటలే. 'ముహ్‌జబానీ' అంటే నోటిమాటగా అని. అదే తెలుగు పత్రికల్లో మూజువాణి అయింది. ముస్లిమును పరాయివాడనేవాళ్ళు కూడా బిల్లు నెగ్గించుకునేటప్పుడు మా అమ్మీ మాటతోనే నెగ్గించుకుంటారు. ఇందులో గర్వపడటానికేమీ లేదు. మాట సభలోకి పోయింది, మనిషి బయట నిలబడ్డాడు. ఆ మనిషి ఎందుకు బయట నిలబడ్డాడన్నదే నా ప్రశ్న.

ఈ వ్యాసంలో నేను విమర్శకు తీసుకున్న పాఠం కవితా కాదు, కథా కాదు. పార్లమెంటు రోజూ అచ్చేసే కార్యక్రమాల పట్టిక. ఇదేం విషయమని సాహిత్య మిత్రులు పెదవి విరవొచ్చు. కానీ మన గురించి సభలో ఏం మాట్లాడారన్నది చదివినంత శ్రద్ధగా, ఎప్పుడు మాట్లాడారు, ఎప్పుడు మాట్లాడనియ్యలేదు అన్నది మనం చదవలేదు. ఉపన్యాసం రాసేది సభ్యుడు. పట్టిక రాసేది అధికారం. అధికారం చేతిరాత తెలుసుకోవాలంటే పట్టికనే చదవాలి.

లోక్‌సభ పొద్దున 11 గంటలకు మొదలవుతుంది. మొదటి గంట ప్రశ్నలది. తర్వాత కాగితాలు బల్ల మీద పెడతారు. ఆ తర్వాత జీరో అవర్. మధ్యాహ్నం నుంచి ప్రభుత్వ బిల్లులు. ఏ బిల్లుకు ఎన్ని గంటలో సభా వ్యవహారాల సలహా సంఘం తేలుస్తుంది. స్పీకరుతో కలిపి అందులో 15 మందికి మించరు. సభలో పార్టీల బలాన్ని బట్టి అందులో కుర్చీలు. బడ్జెట్ పద్దులకు చివరి రోజు గిలెటిన్ ఉంటుంది. చర్చ జరగని శాఖల పద్దులన్నీ ఒక్క దెబ్బకు ఓటుకు పెడతారు. ఫ్రాన్సులో తలలు నరికిన యంత్రం పేరు మన సభలో గడియారానికి పెట్టారు. ఆ పేరు సరిపోయింది.

ఇక ప్రశ్న సంగతి. ఉర్దూలో ప్రశ్నను 'సవాల్' అంటాం. ఇంటి గుమ్మం ముందు చెయ్యి చాచినవాణ్ణి 'సవాలీ' అంటాం. తెలుగులో సవాలంటే తొడగొట్టడం. అడుక్కోవడానికీ తొడగొట్టడానికీ మధ్యలో ఎక్కడో పార్లమెంటు ప్రశ్న ఉంటుంది. సభ్యుడు 15 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. రోజుకు అయిదు ప్రశ్నలకు మించి ఇవ్వడానికి లేదు. వచ్చిన వాటిని లాటరీ తీస్తారు. నక్షత్రం గుర్తు పడ్డవి 20. వీటికి మంత్రి లేచి నోటితో చెప్పాలి, దాని మీద ఉప ప్రశ్నలు వెయ్యొచ్చు. గుర్తు లేనివి 230. వీటికి రాతలో జవాబిచ్చి బల్ల మీద పెడతారు. నక్షత్రం ఉన్న 20లో కూడా గంట గడిచేలోపు నోటి జవాబు దాకా వచ్చేవి కొన్నే. మిగిలినవి కాగితమై 230 పక్కన చేరతాయి.

పదేళ్ళ కింద మా వైపు ఒక పాత ఖబరస్తాన్ భూమి విషయంలో ఊరి పెద్దలు ఒక సభ్యుడి దగ్గరికి పోయారు. ఆయన మంచివాడే. ప్రశ్న వేశాడు. దానికి నక్షత్రం పడలేదు. కొన్ని వారాలకు జవాబొచ్చింది. సమాచారం రాష్ట్ర ప్రభుత్వం నుంచి సేకరిస్తున్నామని, వచ్చాక సభ ముందు పెడతామని దాని సారాంశం. పెద్దలు ఆ కాగితాన్ని నా దగ్గరికి తెచ్చి, "ఇది గెలుపా భాయ్, ఓటమా?" అని అడిగారు. నేను అప్పుడు గెలుపన్నాను. సభలో హామీ ఇస్తే మూడు నెలల్లో తీర్చాలన్న నియమముంది, హామీలను వెంటాడే కమిటీ కూడా ఉంది. కానీ ఆ కమిటీకి గుర్తు చెయ్యాల్సింది ఎవరు? సభ్యుడు మర్చిపోయాడు. మేమూ మర్చిపోయాం. పెద్దల్లో ఇద్దరు ఆ ఖబరస్తాన్‌లోకే పోయారు. జవాబు వచ్చింది గాని జవాబుదారీ రాలేదు. ఇందులో సగం తప్పు నాది. కాగితం చదవగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే.

మరో సంగతి. మంత్రిత్వ శాఖలను గుంపులు చేసి, ఒక్కో గుంపుకు వారంలో ఒక్కో రోజు కేటాయిస్తారు. పని సౌకర్యం కోసం చేసిన ఏర్పాటే ఇది, తప్పు పట్టను. కానీ దాని లోపల ఒక చూపు దాగుంది. మైనారిటీ వ్యవహారాల శాఖ 2006లో పుట్టింది. అప్పటి నుంచి ముస్లిం అంటే ఆ శాఖ, ఆ శాఖ రోజు. ముస్లిం బీడీ కార్మికురాలు కార్మిక శాఖ రోజున ఉండదు. పంక్చర్ షాపువాడు చిన్న పరిశ్రమల రోజున ఉండడు. దూదేకుల పిల్ల చదువు విద్యాశాఖ రోజున ఉండదు. వారంలో ఒక రోజు మాత్రమే ముస్లింగా ఉండి, తక్కిన రోజుల్లో ఎవరికీ కనబడకుండా ఉండమన్నట్టు. ఇది సర్కారు ఒక్కటే చేసిన పని కాదు. మన తరఫున ప్రశ్నలేసేవాళ్ళు కూడా స్కాలర్‌షిప్పు, హజ్, వక్ఫ్ దాటి బయటికి రాలేకపోయారు.

శుక్రవారం మాట చెప్పాలి. లోక్‌సభలో ఆ రోజు చివరి రెండున్నర గంటలు మంత్రులు కాని సభ్యులవి. ఒక వారం వాళ్ళ బిల్లులు, ఒక వారం వాళ్ళ తీర్మానాలు. అవీ లాటరీ మీదనే. ఊళ్ళకు పోయే తొందరలో బెంచీలు ఖాళీ అయ్యే వేళ అది. స్వాతంత్ర్యం వచ్చాక ఇట్లా ప్రైవేటు సభ్యులు పెట్టి చట్టాలైన బిల్లులు మొత్తం 14. వాటిలో మొట్టమొదటిది ఏదో తెలుసా? సయ్యద్ ముహమ్మద్ అహ్మద్ కాజ్మీ పెట్టిన 1952 నాటి ముస్లిం వక్ఫ్‌ల బిల్లు. 1954లో చట్టమైంది. చిట్టచివరిది 1970లో చట్టమైంది, సుప్రీంకోర్టు క్రిమినల్ అప్పీళ్ళ పరిధిని పెంచింది. పెట్టినవాడు ఆనంద్ నారాయణ్ ముల్లా. పేరు చూసి మనవాడనుకునేరు. కాశ్మీరీ పండితుడు, అలహాబాద్ హైకోర్టు మాజీ జడ్జి, లక్నో నుంచి స్వతంత్రుడిగా గెలిచినవాడు, సాహిత్య అకాడమీ బహుమతి పొందిన ఉర్దూ కవి. అంటే ఆ తలుపు తెరిచినవాడు వక్ఫ్ గురించి మాట్లాడిన ముస్లిం. చివరిసారి దాటినవాడు ఉర్దూలో రాసిన హిందువు. 1970 తర్వాత ఆ తలుపులోంచి ఒక్క బిల్లు కూడా చట్టమై బయటికి రాలేదు.

నాకు ఈ సంగతి తెలిసి ఎన్నో ఏళ్ళు కాలేదు. మన సంకలనాల్లో ఎక్కడా చదవలేదు. బాబ్రీ కూలిన 1992 డిసెంబర్ 6 మనకు గంటల వారీగా గుర్తు. 1954లో మనవాడొకడు ఖాళీ బెంచీల ముందు నిలబడి బిల్లు నెగ్గించుకున్నాడన్నది గుర్తు లేదు. గాయాలకు ఉన్నంత జ్ఞాపకం మన పనికి లేకపోయింది.

అదే శుక్రవారం జుమ్మా రోజు కూడా. రాజ్యసభలో శుక్రవారాల్లో మధ్యాహ్నం విరామం ఒంటిగంట నుంచి రెండున్నర దాకా ఉండేది. దాన్ని రెండింటికే ముగిసేట్టు మార్చారు. మార్పు ఎప్పుడు జరిగిందని 2023 డిసెంబర్‌లో ఒక డీఎంకే సభ్యుడు అడిగితే గాని అది పదిమందికీ తెలియలేదు. లోక్‌సభతో సమానం చేశామన్నారు. అస్సాం శాసనసభలో 1937 నుంచి ఉన్న జుమ్మా విరామాన్ని 2024 ఆగస్టులో ఎత్తేశారు. అరగంట పోతే ఇస్లాం పోదు. నేనూ డెస్క్ మీద పనుంటే జుమ్మా తప్పినవాణ్ణే. కానీ ఆ అరగంట మతానికి ఇచ్చిన రాయితీ కాదు. ఈ ఇంట్లో నువ్వు కూడా ఉంటున్నావని గడియారం చెప్పే మాట అది. ఆ మాటను చర్చ పెట్టి తీసేయలేదు. పట్టిక సర్దే పనిలో తీసేశారు.

ఇక రాత్రుల సంగతి. వక్ఫ్ సవరణ బిల్లు 2024 ఆగస్టు 8న లోక్‌సభకు వచ్చింది. సంయుక్త కమిటీకి పోయి తిరిగొచ్చింది. 2025 ఏప్రిల్ 2న చర్చకు పెట్టారు. సలహా సంఘం 8 గంటలిచ్చింది, చర్చ 12 గంటలు దాటింది. ఏప్రిల్ 3 తెల్లవారకముందే 288–232 ఓట్లతో నెగ్గింది. మర్నాడు రాజ్యసభలో కూడా అదే వేళ దాటాక 128–95తో నెగ్గింది. ఏప్రిల్ 5న రాష్ట్రపతి సంతకం. ఆ రాత్రి నేను మెలకువగానే ఉన్నాను. న్యాయంగా ఒప్పుకోవాలి. దీన్ని మూజువాణితో తోసెయ్యలేదు. సమయం ఇచ్చారు, ఓట్లు లెక్కపెట్టారు. కాబట్టి గంటలు తక్కువయ్యాయన్న పాత ఫిర్యాదు ఇక్కడ చెల్లదు. మరి ఏం తక్కువైంది? 1954లో ఆ విషయాన్ని పట్టికలోకి తెచ్చింది మనవాడు. 2025లో మన ఆస్తుల గురించిన పట్టికను రాసింది మనం కాదు. మాట్లాడే సమయం మనకు ఇచ్చారు. ఎప్పుడు, దేని మీద మాట్లాడాలన్నది మాత్రం వాళ్ళు ఉంచుకున్నారు.

అదే రాత్రి మరొకటి జరిగింది. వక్ఫ్ ఓటింగు అయిపోయాక, రెండు గంటల వేళ, మణిపూర్‌లో రాష్ట్రపతి పాలనను ఆమోదించే తీర్మానం లోక్‌సభ ముందుకొచ్చింది. గంట కూడా పట్టలేదు, అయిపోయింది. ముస్లింల ఆస్తి గురించి అర్ధరాత్రి దాకా సభ మేలుకొని ఉంది. రెండేళ్ళుగా తగలబడుతున్న కొండల గురించి కళ్ళు మూతలు పడే వేళ మాట్లాడింది. ఆ రాత్రి మన గురించే బాధపడి మణిపూర్‌ను గమనించకపోతే, మన కళ్ళకు కూడా గిలెటిన్ పడ్డట్టే లెక్క.

ఈ మాట మణిపూర్ దాకా పోకుండా మా భద్రాచలం దగ్గరే చెప్పొచ్చు. నాకొక కోయ మిత్రుడున్నాడు. కూనవరం వైపు బడిపంతులు. డిగ్రీలో నా బెంచీవాడు. "సారూ, నేను ఇల్లు మారలే. నా ఇంటి చుట్టూ సర్కార్లు మారినయ్" అంటాడు. వాళ్ళ ఊరు 1959 దాకా తూర్పు గోదావరి జిల్లా. తర్వాత ఖమ్మం. 2014లో మళ్ళీ తూర్పు గోదావరి. 2022లో అల్లూరి సీతారామరాజు జిల్లా. 2014 సంగతి తేదీల వారీగా చూడండి. ఫిబ్రవరి 18న రాష్ట్ర విభజన బిల్లు లోక్‌సభలో ప్రత్యక్ష ప్రసారం ఆగిపోయి ఉండగా మూజువాణితో నెగ్గింది. ఏప్రిల్ 30న ఆ మండలాల జనం ఖమ్మం జిల్లా ఓటర్లుగా వరసల్లో నిలబడి ఓటేశారు. మే 29న, నెల కూడా నిండకముందే, పోలవరం కోసం వాళ్ళను ఆంధ్రప్రదేశ్‌లో కలుపుతూ ఆర్డినెన్సు వచ్చింది. కూనవరం, చింతూరు, వరరామచంద్రపురం, కుక్కునూరు, వేలేరుపాడు, కొన్ని గ్రామాలు మినహా బూర్గంపాడు, పట్నం మినహా భద్రాచలం మండలం. జూన్ 2న తెలంగాణ పుట్టింది. అంటే అభిప్రాయం అడగడానికి తెలంగాణ శాసనసభ ఇంకా లేదు.

ఆర్డినెన్సుకు ఒక గడువుంది. సభలు చేరినాక ఆరు వారాల్లో చట్టం చెయ్యకపోతే చచ్చిపోతుంది. అందుకని జులైలో తొందర. జులై 10న కేంద్ర బడ్జెట్. దేశంలోని పత్రికలన్నీ పన్నుల లెక్కల్లో మునిగి ఉన్న మర్నాడు, జులై 11న, తెలంగాణ, ఒడిశా సభ్యుల నిరసనల మధ్య ఆ బిల్లు లోక్‌సభలో మూజువాణితో నెగ్గింది. జులై 14న రాజ్యసభ. చూశారా, ఎవరి మాట వేగంగా నడుస్తుందో! ఆరు వారాల గడువు ప్రభుత్వానిదైతే పరుగెత్తుతారు. మూడు నెలల గడువు మా ఖబరస్తాన్‌దైతే గోదాట్లో కలుస్తుంది. మా కోయ మిత్రుడు ఓటేసిన ఎమ్మెల్యే హైదరాబాద్‌లో తెలంగాణ సభలో కూచున్నాడు. అతని ఊరు ఆంధ్రలో ఉంది. 2019 ఎన్నికల దాకా అతని ఊరికి తన రాష్ట్ర శాసనసభలో తాను గెలిపించుకున్న మనిషి లేడు. గుడి తెలంగాణలో మిగిలింది, రాముడి భూములున్న పురుషోత్తపట్నం ఆంధ్రకు పోయింది. తానీషా చెరసాల పెట్టిన కథా, గోల్కొండ నుంచి ముత్యాల తలంబ్రాలు వచ్చిన కథా కలిపి చెప్పుకునే నేల మీద, దేవుడికి కూడా నోటీసివ్వలేదు.

ముంపు గురించి ఆ పంతులు అడగాలంటే జలవనరుల శాఖ వేరు, గిరిజన వ్యవహారాల శాఖ వేరు. నాకు ఒకే శాఖ అంటగట్టి ఒక్క గడిలో కుదించారు. అతన్ని ముక్కలు చేసి నాలుగు గడుల్లో పెట్టారు. ఆ సంతల్లో గాజులమ్మే, మిషను కుట్టే ముస్లింలు మా ఇద్దరి గడుల్లోనూ లేరు. వాళ్ళు 'ఇతరులు'. అడవిలో భూమి ఆదివాసిదే కావాలన్న 1/70 చట్టాన్ని నేను సమర్థిస్తాను. అయినా మునిగే ఊళ్ళో దుకాణం మునిగినవాడి పేరు ఎవరి ప్రశ్నలోనూ రాకపోవడం న్యాయం కాదు.

బల్ల మీద కాగితం పెట్టడంలో కూడా కాలం ఉంది. సచార్ నివేదిక 2006 నవంబర్ 30న సభకొచ్చింది. రంగనాథ్ మిశ్రా కమిషన్ 2007 మేలో నివేదిక ఇచ్చింది, అది సభ బల్ల ఎక్కింది 2009 డిసెంబర్ 18న. మన రాష్ట్రంలో 2017 ఏప్రిల్ 16, ఆదివారం, శాసనసభను ప్రత్యేకంగా పిలిచి ముస్లింలకు 4 నుంచి 12 శాతానికి, గిరిజనులకు 6 నుంచి 10 శాతానికి రిజర్వేషన్ పెంచే బిల్లు నెగ్గించారు. ఆ రోజు పంతులూ నేనూ ఒకే టీ కొట్టు దగ్గర పేపరు చదివాం. ఒకే బిల్లులో మా ఇద్దరి పేర్లు. బిల్లు ఢిల్లీ పోయింది. చట్టమై తిరిగి రాలేదు. 2022లో గిరిజనుల 10 శాతాన్ని రాష్ట్రం ఉత్తర్వుతో ఇచ్చింది. మాది 4 దగ్గరే ఆగింది. పంతులికి ముబారక్ చెప్పాను. అసూయ పడలేదని చెప్తే అబద్ధం. కానీ ఆ అసూయను కూడా పట్టికే తయారు చేసిందని తర్వాత తెలుసుకున్నాను. ఇద్దరినీ ఒకే బండెక్కించి ఒకణ్ణి ముందు స్టేషన్‌లో దించితే, రెండోవాడు మొదటివాణ్ణే తిట్టుకుంటాడు, బండి నడిపేవాణ్ణి కాదు.

లౌకికవాద మిత్రులు ఒక మాటంటారు. సంఖ్య లేనప్పుడు నియమాలు చదివి ఏం లాభమని. సంఖ్య సంగతే చూద్దాం. వాయిదా తీర్మానానికి ఆ రోజు పొద్దున 10 లోపు నోటీసివ్వాలి, సభలో 50 మంది లేచి నిలబడాలి. 2024లో లోక్‌సభకు గెలిచిన ముస్లింలు 24. యాభైలో సగం కూడా కాదు. గిరిజన రిజర్వుడు స్థానాలు 47. మూడు తక్కువ. లక్షద్వీప్ సభ్యుడు ముస్లిమూ అవును, ఆ స్థానం గిరిజన రిజర్వుడూ అవును, రెండు లెక్కల్లోనూ ఉంటాడు. ఒక్కసారే లెక్కేసినా మొత్తం 70. విడివిడిగా ఎవరమూ సభ పని ఆపించలేం. కలిస్తే యాభై దాటుతాం. పార్టీల విప్పులున్నాయి, నిజమే. ఆ 47లో చాలామంది పాలక పక్షం వాళ్ళే, అదీ నిజమే. కానీ ఈ కూడిక కనీసం మన వ్యాసాల్లోనైనా ఎప్పుడన్నా జరిగిందా? మన అస్తిత్వాన్ని మన గడిలోనే రాసుకున్నాం. ఆదివాసీ రచయితలు వాళ్ళ గడిలో రాసుకున్నారు. గడులు గీసినవాడికి అంతకన్నా ఏం కావాలి?

2025 ఫిబ్రవరిలో లోక్‌సభలో ఉర్దూకు కూడా అప్పటికప్పుడు అనువదించి వినిపించే ఏర్పాటు చేశామని స్పీకర్ ప్రకటించారు. తెలుగుకు అప్పటికే ఉంది. నా రెండు భాషలూ ఇప్పుడు ఆ చెవి గొట్టంలో వినిపిస్తాయి. సంతోషమే. పంతులి కోయ భాష ఎనిమిదో షెడ్యూల్లోనే లేదు. నా సంతోషం సగమే ఉంచుకుంటాను.

మన రచయితలకు, మసీదు కమిటీలకు, ఓట్లడిగి పోయే నాయకులకు నేను చెప్పేది చిన్న మాట. కవిత్వం మానొద్దు. దాంతో పాటు ప్రశ్న రాయడం నేర్చుకుందాం. పదిహేను రోజుల ముందు రాద్దాం. మైనారిటీ శాఖకే కాదు, కార్మిక శాఖకూ, జలవనరుల శాఖకూ రాద్దాం. జవాబొచ్చాక మూడు నెలలు లెక్కపెడదాం. మన ప్రశ్నలో కూనవరం పేరు కూడా పెడదాం, వాళ్ళ ప్రశ్నలో మన ఖబరస్తాన్ పేరు పెట్టమని అడుగుదాం.

అబ్బా పోయి ఆరేళ్ళయింది. ఆయన్ను పెట్టింది ఆ ఖబరస్తాన్‌లోనే. సమాచారం సేకరిస్తున్నామన్న ఆ కాగితం ఇప్పటికీ నా బీరువాలో ఉంది. మొన్న తీసి చూశాను. కింద తారీఖుంది. దాని పక్కన పెన్సిల్‌తో 'వాయదా' అని ఉర్దూలో రాసుకున్నాను. సేకరించిన సమాచారం ఏమైందో అడుగుతూ ఇప్పుడున్న సభ్యుడికి ఒక ఉత్తరం రాస్తున్నాను. ఈసారి పంతులి సంతకం కూడా ఉంటుంది.